బొలోన్యా రేకు

ఇటలీలోని బొలోన్యా నగరంలో, వాణిజ్య మండలివారి పాత భవనంలో, బంగారంతో చేసిన పాస్తా పోగు ఒకటి భద్రంగా ఉంది. నగా కాదు, నాణెమూ కాదు. పిండీ గుడ్డూ కలిపి చేసే తల్యతెల్లె అనే పాస్తాకు అది కొలత నమూనా. ఉడికిన పోగు వెడల్పు 8 మిల్లీమీటర్లు ఉండాలని 1972లో నమోదు చేయించారు. అంతటితో ఊరుకున్నారా? ఊరి నడిబొడ్డున తొమ్మిది శతాబ్దాలుగా నిలబడి ఉన్న అసినెల్లి బురుజు ఎత్తులో ఇది 12,270వ వంతు అని కూడా రాయించారు. బురుజు ఎత్తు 97 మీటర్ల పైచిలుకు. భాగించి చూస్తే లెక్క దాదాపు సరిపోతుంది.

వింటే నవ్వొస్తుంది. రావాలి కూడా, అందులో కావాలని చేసిన కొంటెతనం ఉంది. అయితే బొలోన్యా పేరును లోకమంతా తిప్పినది ఈ పోగు కాదు, దాని మీద పడే రగూ అనే మాంసం సాస్. మన నగరాల కెఫేల్లోనూ ‘బొలొనీస్’ అంటే స్పగెట్టి మీద కుప్పపోసిన ఎర్రటి ఖీమానే. ఆ సాస్ వంటకాన్ని అదే వాణిజ్య మండలిలో నమోదు చేయించింది 1982 అక్టోబరు 17న. పోగు నమోదైన పదేళ్లకు గాని సాస్ వంతు రాలేదన్నమాట. ఆ ఊరివాళ్ల లెక్కలో ఏది ముందో ఈ రెండు తేదీలే చెబుతున్నాయి.

వాళ్ల లెక్కే సరైనదని నా అభిప్రాయం. రగూకి ఓర్పు కావాలి. సన్నని సెగ మీద పెట్టి, మధ్యమధ్య కలుపుతూ, ఇంట్లో మరో పని చూసుకోవచ్చు. తప్పు జరిగితే కాస్త నీళ్లో, కాస్త ఉప్పో సర్దుతాయి. పోగు తయారయ్యే రేకు అలాంటిది కాదు. దాన్ని స్ఫోల్యా అంటారు. దాన్ని వత్తే మనిషి స్ఫొల్యీనా. ఒక పొడవాటి కర్ర, ఒక చెక్క పలక, రెండు చేతులు. ఎక్కడ నొక్కు ఎక్కువైనా, ఎక్కడ పలచనైనా ఆ రేకు దాచిపెట్టదు. ఈ వంటకంలో మెచ్చుకోవలసిన పనితనంలో ముప్పాతిక భాగం అక్కడే ఉంది.

తల్యతెల్లె పుట్టుక గురించి ఇటలీలో ఒక కథ చెబుతారు. 1487లో లుక్రేజియా దెస్తే పెళ్లి జరిగినప్పుడు, ఆమె బంగారు రంగు కురులను చూసి ముచ్చటపడ్డ వంటవాడు పిండి రేకును అలా పోగులుగా కోశాడట. కథ బాగుంది. నిజానికి దాన్ని 1931లో అల్లినవాడు ఆగుస్తో మయాని అనే వ్యంగ్య చిత్రకారుడు. ఊళ్లో జనం ఎంత ఇష్టంగా నమ్మారంటే, సరదాకి రాసిందని తెలిశాక కూడా చెప్పడం మానలేదు.

కాగితం మీద దొరికే చరిత్రకి పెద్ద దిక్కు పెలెగ్రీనో అర్తూజీ. 1820లో ఫోర్లింపోపోలి అనే చిన్న ఊళ్లో పుట్టి, ఫ్లోరెన్స్‌లో పట్టు వ్యాపారం చేసి, 71వ ఏట సొంత ఖర్చుతో వంటల పుస్తకం అచ్చు వేయించుకున్న పెద్దమనిషి. 1891 నాటి ఆ పుస్తకంలో బొలోన్యా పద్ధతి మాంసం సాస్ ఉంది. అందులో టమాటా లేదు! దూడ మాంసం, ఉప్పు పట్టించిన పంది కొవ్వు మాంసం, ఉల్లి, క్యారెట్, సెలెరీ, వెన్న, మాంసం ఉడికించిన నీళ్లు. కావాలంటే చివర్లో కాస్త మీగడ. ఎర్రటి రంగే అసలు గుర్తు అనుకునేవాళ్లు ఈ జాబితాను ఒకసారి చూడాలి. పుస్తకం మీద పేరు అర్తూజీదే అయినా, ఆయన వంటింట్లో చేతులు కదిలించినవాళ్లు మరియెత్తా సబతీనీ, ఫ్రాంచెస్కో రుఫిల్లీ. చనిపోతూ పుస్తకం హక్కులను ఆ ఇద్దరికీ రాసిపోయాడాయన. ఇప్పుడు ఫోర్లింపోపోలిలో అర్తూజీ పేరుతో నడిచే వంటల కేంద్రంలో కొత్తవాళ్లకు రేకు వత్తడం నేర్పే స్వచ్ఛంద కార్యకర్తల్ని ‘మరియెత్తెలు’ అంటారు. రచయిత పేరు భవనానికి, వంటమనిషి పేరు పనికి దక్కాయి. సరైన పంపకమే.

ఇక పలక దగ్గరికి వద్దాం. కావలసినవి రెండే: 100 గ్రాముల పిండికి ఒక గుడ్డు. ఉప్పు వేయరు, నూనె వేయరు, నీళ్లు పోయరు. పిండి మెత్తరకం గోధుమది, బాగా సన్నగా ఆడించి జల్లించినది. దక్షిణ ఇటలీలో నీళ్లతో కలిపి చేసే ఎండు పాస్తాకు వాడే గట్టిరకం డ్యూరమ్ గోధుమ వేరు. ఎండు పాస్తాను డ్యూరమ్ గోధుమతోనే చేయాలని 1967లో ఇటలీ చట్టమే చేసింది. ఉత్తరాన ఎమీలియా ప్రాంతంలో గోధుమ మెత్తన, గుడ్లు సమృద్ధి, అందుకే రేకు గుడ్డుతో పుట్టింది. మెత్తని పిండిలో లేని బిగిని గుడ్డు అరువిస్తుంది. తెల్లసొనలోని ప్రోటీన్ వేడికి గట్టిపడి పోగు ఆకారాన్ని పట్టి ఉంచుతుంది. పచ్చసొన కొవ్వు నోట్లో మెత్తదనాన్నీ, కంటికి పసుపునీ ఇస్తుంది. పాస్తా కోసమని ముదురు రంగు సొన ఉన్న గుడ్లను ఇటలీ దుకాణాల్లో విడిగా అమ్ముతారు కూడా.

గుడ్డు బరువులో నాలుగింట మూడు వంతులు నీరే కాబట్టి పిండికి అందే తడి అంతా అక్కణ్ణుంచే రావాలి. గుడ్డు చిన్నదైతే పిండి తగ్గాలి, పెద్దదైతే పెరగాలి, వానాకాలం ఒక రకం, ఎండాకాలం ఒక రకం. అందుకే ఆరితేరినవాళ్లు పిండినంతా ఒకేసారి కలపరు. పలక మీద పిండిని గుట్టగా పోసి, నడుమ గుంట చేసి, గుడ్లు అందులోకి కొట్టి, ఫోర్కుతో గిలక్కొడుతూ లోపలి అంచు నుంచి కొద్దికొద్దిగా పిండిని లాక్కుంటారు. గట్టు తెగితే సొన పలకంతా పారుతుంది. గుంట చిక్కబడ్డాక చేతులు దించుతారు. ముద్దకు ఎంత కావాలో అంతే పట్టించి, మిగిలిన పిండిని, పెచ్చుల్ని గీకి పక్కకు నెడతారు. పలక శుభ్రంగా ఉండాలి. ఎండిన పెచ్చు ఒక్కటి ముద్దలోకి పోయినా, అరగంట తర్వాత రేకులో చిల్లు పడేది సరిగ్గా అక్కడే.

పిసకడం పది పదిహేను నిమిషాల పని. అరచేతి మొదలుతో ముందుకు నెట్టడం, మడవడం, పావు వంతు తిప్పడం, మళ్లీ నెట్టడం. బలం మోచేతి నుంచి కాదు, నడుము నుంచి రావాలి. అందుకే కూర్చుని ఈ పని చేయరు. గరుకుగా, మొండిగా ఉన్న ముద్ద కాసేపటికి నున్నబడుతుంది. గోధుమలోని గ్లూటెనిన్, గ్లయాడిన్ అనే రెండు ప్రోటీన్లు తడి తగిలి ఒకదానికొకటి అల్లుకుని గ్లూటెన్ వల కడతాయి. మొదటిది ముద్దకు లాగితే వెనక్కి తగ్గే గుణాన్నిస్తుంది, రెండోది లాగితే సాగే గుణాన్ని. రేకు వత్తాలంటే రెండూ కావాలి. పిసికిన వెంటనే మాత్రం మొదటిదే పెత్తనం చేస్తుంది: కర్ర పెట్టి ఎంత వత్తినా ముద్ద వెనక్కి ముడుచుకుంటుంది. అందుకే గాలి తగలకుండా కప్పి అరగంట వదిలేస్తారు. ఆ అరగంటలో మనిషి చేసేది ఏమీ లేదు, ముద్ద మాత్రం లొంగుబాటుకు వస్తుంది. తొందరపడి ఈ అరగంటను ఎగ్గొట్టినవాళ్లు తర్వాత కర్రతో కుస్తీ పడతారు.

మత్తరెల్లో అనే ఆ కర్ర చూడ్డానికి సాదాసీదాగా ఉంటుంది. దాదాపు మీటరు పొడవు, మొదటి నుంచి చివరిదాకా ఒకే లావు, పిడులు ఉండవు. ఎందుకంత పొడవో లెక్క వేస్తే తెలుస్తుంది. నాలుగు గుడ్ల ముద్ద మిల్లీమీటరు కన్నా తక్కువ మందానికి సాగితే, అడ్డుకొలత 90 సెంటీమీటర్ల దాకా వచ్చే గుండ్రటి రేకు అవుతుంది. కర్ర రేకు కన్నా పొట్టిదైతే దాని కొసలు రేకు మీద గీతలు పెడతాయి.

వత్తడంలో రెండు దశలున్నాయి. మొదటిది మనకు తెలిసినదే. నడుమ నుంచి బయటికి వత్తి, పావు వంతు తిప్పి, మళ్లీ వత్తడం, గుండ్రన చెడకుండా చూసుకోవడం. మందం కొన్ని మిల్లీమీటర్లకు వచ్చాక ఆ పద్ధతి ఆగిపోతుంది. అక్కణ్ణుంచి నొక్కడం కాదు, లాగడం. రేకు అవతలి అంచును కర్రకు చుట్టుకుంటూ తనవైపు తెచ్చుకుంటుంది స్ఫొల్యీనా. కర్రను ముందుకీ వెనక్కీ ఆడిస్తూ, రెండు అరచేతుల్నీ నడుమ నుంచి కొసల వైపు జార్చుతుంది. చేతులు జారేటప్పుడు రేకు అడ్డంగా సాగుతుంది, కర్ర దొర్లేటప్పుడు నిలువుగా సాగుతుంది. రెండూ ఒకేసారి జరగాలి. చేతుల బరువు కర్ర మీద పడీపడనట్టు ఉండాలి, పడితే పొరలు అతుక్కుపోతాయి. చుట్టిన రేకును విప్పి, కాస్త తిప్పి, మళ్లీ చుట్టి, మళ్లీ లాగడం. రేకులో కొంత భాగాన్ని బల్ల అంచు నుంచి కిందికి వేలాడదీసి పొట్టతో బల్లకు అదిమిపెడతారు. అవతలి వైపు లాగుతుంటే ఇటువైపు జారిపోకుండా ఉంటుంది, వేలాడే బరువుకు అదీ సాగుతుంది. ఒంటి బరువుతో సహా అన్నీ పనిముట్లే.

చూస్తే ఇదంతా ఏడెనిమిది నిమిషాల్లో అయిపోతుంది. అయిపోవాలి కూడా, ఎందుకంటే వత్తుతున్నంతసేపూ రేకు ఆరిపోతూనే ఉంటుంది. ఆరిన రేకు సాగదు, చిట్లుతుంది. ఈ పనిలో నిదానానికి చోటు లేదు, కంగారుకీ లేదు. పలచదనానికి బొలోన్యాలో ఒక గురుతు చెబుతారు: రేకును ఎత్తి పట్టుకుంటే అందులోంచి కొండ మీది శాన్ లూకా గుడి కనబడాలట. అది తోర్తెల్లీనీ అనే మాంసం కూరిన చిన్న ముడుపుల కోసం వత్తే రేకుకు మరీ వర్తిస్తుంది. తల్యతెల్లెకు కాస్త మందం ఉంటేనే మేలు, లేకపోతే రగూ బరువు మోయలేక పోగులు మెత్తబడిపోతాయి. ఏ వంటకానికి ఎక్కడ ఆగాలో తెలియడం కూడా ఆ చేతుల చదువే.

చెక్క మీద చెక్కతో ఎందుకు, ఉక్కు రోలర్ల యంత్రం ఉందిగా అని అడగొచ్చు. యంత్రం రేకును నొక్కి పలచన చేస్తుంది, కర్ర లాగి పలచన చేస్తుంది. నున్నటి ఉక్కు మధ్య నలిగిన రేకు నున్నగా, బిగుతుగా తయారవుతుంది. చెక్క మీద సాగిన రేకుకు కంటికి ఆనీ ఆనని గరుకు ఉంటుంది. వేలితో రాస్తే తెలుస్తుంది. సాస్ పట్టుకునేది ఆ గరుకునే. యంత్రంతో చేసినది తినకూడనిదేమీ కాదు, ఇటలీలోనే వేల ఇళ్లలో దాన్ని వాడతారు. రెండూ పక్కపక్కన పెట్టుకుని తింటే మాత్రం నేను కర్ర వైపే ఓటు వేస్తాను.

వత్తిన రేకును బట్ట మీద పరిచి కాసేపు ఆరనిస్తారు. తడి ఎక్కువుంటే మడతలు అతుక్కుంటాయి, ఎక్కువ ఆరితే కోసేటప్పుడు పెళుసుగా విరుగుతాయి. అప్పడాలు వత్తే ఇంట్లో పెరిగినవాళ్లకు ఈ తడికీ పొడికీ నడిమి ఘడియ గురించి వేరే చెప్పనక్కర్లేదు. చేత్తో తాకితే అంటుకోకూడదు, మడిస్తే చిట్లకూడదు. ఆ అదను చూసి రేకును వదులుగా చుట్టి, వెడల్పాటి కత్తితో అడ్డంగా కోస్తారు. ఉడికితే పోగు ఉబ్బుతుంది కాబట్టి పచ్చిది 8 మిల్లీమీటర్ల కన్నా కాస్త సన్నగా కోయాలి. కొలబద్ద ఎవరూ పెట్టరు. కత్తి పక్కన ఆనించిన వేలి కణుపు వెనక్కి జరుగుతూ దారి చూపిస్తుంది. కోసిన చుట్టల్ని రెండు చేతులతో ఎత్తి దులిపితే పోగులు విడిపోయి పడతాయి.

ఇప్పుడు రగూ. 1982 నాటి నమోదులో గొడ్డు మాంసం 300 గ్రాములు, పాంచెత్తా అనే ఉప్పు పట్టించిన పంది పొట్ట మాంసం 150 గ్రాములు, వాటితో పాటు క్యారెట్, సెలెరీ, ఉల్లి ఉన్నాయి. ఆపైన వైన్, పాలు, కొద్దిగా టమాటా. వెల్లుల్లి లేదు, మూలికలు లేవు. 2023 ఏప్రిల్‌లో దీన్ని సవరించి మళ్లీ నమోదు చేయించారు. మాంసం పెరిగింది, పాలు ఐచ్ఛికమయ్యాయి. ఇంటింటికీ ఒక పద్ధతి ఉండే వంటకానికి అధికారిక ముద్ర వేయడమేమిటని అనిపిస్తుంది గాని, ఈ సవరణే మంచి జవాబు. వాళ్లకీ అది రాతి మీద రాత కాదు.

మెచ్చుకోవలసిన చోట్లు ఇందులో రెండున్నాయి. ఒకటి, మాంసం వేగడం. పాంచెత్తా కొవ్వు కరిగాక, సన్నగా తరిగిన కూరలు అందులో రంగు మారకుండా మెత్తబడాలి. తర్వాత మాంసం. అది ముందు నీరు వదులుతుంది. గిన్నెలో అప్పుడు వినిపించేది కుతకుత. నీరంతా ఇగిరిపోయాక అది చిటపటగా మారుతుంది. మాంసానికి గోధుమవర్ణం, వేపుడు వాసన వచ్చేది ఆ చిటపటలోనే, నీళ్లున్నంతసేపూ అంత వేడి ఎక్కదు. చాలామంది కుతకుత దగ్గరే వైన్ పోసేస్తారు. ఉడికిన ఖీమా అవుతుంది, రగూ అవదు. చెవితో చేసే వంట ఇది.

రెండోది, పాలు. మాంసం, టమాటా, వైన్ ఉన్న గిన్నెలో పాలు పోయడం మనకు వింతగా తోస్తుంది. విరగవా? విరిగినా కంటికి కనబడనంత సన్నగా మాంసంలో కలిసిపోతాయి. టమాటా, వైన్‌ల పులుపు విరుచుకుపడకుండా చూస్తాయి, ముక్కకు మార్దవం తెస్తాయి. ఆ తర్వాత కనీసం రెండు గంటలు, వీలైతే మూడు, బుడగ లేచీ లేవనంత సెగ. మాంసంలోని నరం, పొర కరిగి జిగురుగా మారేది ఆ వేళలోనే. ఆ జిగురే రేపు పోగును పట్టుకుంటుంది. తయారైన రగూలో రసం తేలుతూ ఉండకూడదు. చెంచాతో తీస్తే ముద్దగా నిలవాలి, అంచున కాస్త కొవ్వు తేరిన మెరుపు ఉండాలి. రంగు ఎరుపు కన్నా ఇటుక రంగుకే దగ్గర.

స్పగెట్టితో ఇది ఎందుకు కుదరదో ఇప్పుడు చెప్పనవసరం లేదు. గుండ్రటి నున్నటి పోగు మీంచి మాంసం జారి కంచం అడుగుకు చేరుతుంది. పాస్తా తినడం అయ్యాక ఖీమా మిగులుతుంది. 2019లో అప్పటి బొలోన్యా మేయర్ విర్జీనియో మెరోలా, స్పగెట్టి బొలొనీస్ తమ ఊరి వంటకమే కాదని బహిరంగంగా చెప్పి, లోకంలో ఎక్కడెక్కడ ఆ పేరుతో అమ్ముతున్నారో ఫొటోలు పంపమని అడిగారు. ఊరి పరువు సంగతి అటుంచి, వంట లెక్కలోనూ ఆయన మాట నిజం.

కలపడం నిమిషాల్లో అయిపోతుంది. 100 గ్రాముల పాస్తాకు లీటరు నీళ్లు, లీటరుకు సుమారు 10 గ్రాముల ఉప్పు, ఎసరు తెర్లుతుండాలి. నీళ్లలో నూనె వేయొద్దు. వేస్తే పోగు మీద జిడ్డు పట్టి సాస్ అంటుకోదు. తాజా పోగులు రెండు మూడు నిమిషాల్లో ఉడుకుతాయి. కొద్దిగా పలుకు ఉండగానే తీసి, వెడల్పాటి మూకుట్లో వేడి రగూలో వేయాలి. ఉడికిన నీళ్లు ఒక గరిటెడు పోసి ఎగరేస్తూ తిప్పాలి. ఆ నీళ్లలోని పిండి, రగూలోని కొవ్వు కలిసి ప్రతి పోగుకూ పలచని పూతలా పడతాయి. పొయ్యి ఆర్పాక తురిమిన పార్మిజానో చీజ్. రగూ ఎంత వేయాలో చాలామందికి నచ్చని మాట ఒకటి చెప్పాలి: మీరనుకున్న దానిలో సగం. పోగుల పసుపు పచ్చదనం మాంసం సందుల్లోంచి కనబడుతూ ఉండాలి.

ఈ పని పుట్టుకతో వస్తేనే వస్తుందని ఆ ఊరి అమ్మమ్మల్ని చూసి అనుకునేవాళ్లకు మార్చెల్లా హజాన్ సంగతి తెలియాలి. 1924లో చెజెనాతికోలో పుట్టి, ఫెరారా విశ్వవిద్యాలయంలో సైన్సు చదివి డాక్టరేట్ చేసిన ఆమెకు పెళ్లయి న్యూయార్క్ వెళ్లేనాటికి వంట రాదు. చిన్నప్పటి రుచుల జ్ఞాపకాన్ని, ఒక పుస్తకాన్ని పట్టుకుని పరాయి దేశపు వంటింట్లో నేర్చుకుంది. 1973లో ఆవిడ తెచ్చిన వంటల పుస్తకంతో అమెరికా ఇళ్లలో ఇటలీ వంట తీరు మారింది. తర్వాత బొలోన్యాలోనే వంటల బడి నడిపింది. కర్రతో వత్తిన రేకును యంత్రపు రేకు అందుకోలేదని చివరిదాకా వాదించింది కూడా. జీవశాస్త్రం చదివిన మనిషి కదా, ఏ మెట్టు ఎందుకో చెప్పకుండా వదిలేది కాదు. వంట నేర్పేవాళ్లలో ఆ గుణం అరుదు.

మన ఇళ్లలో చేయాలంటే కొన్ని సర్దుబాట్లు తప్పవు. ఆ సన్నటి పిండికి మైదా దగ్గర. కలిపేటప్పుడు ముద్ద తీరు చూసి పిండి తగ్గించుకోండి, పెంచుకోండి. చపాతీ పీట చాలదు. రెండు గుడ్ల రేకే 60 సెంటీమీటర్లు దాటుతుంది. వంటగట్టు గ్రానైటుది అయితే మరీ నున్నన, రేకుకు గరుకు రాదు. చిత్రిక పట్టిన కొయ్య పలక ఒకటి, 80 సెంటీమీటర్ల కర్ర ఒకటి తెలిసిన వడ్రంగి చేత చేయించుకుంటే జన్మంతా ఉంటాయి. అంత ముచ్చట అప్పుడే వద్దనుకుంటే ముద్దను రెండు మూడు భాగాలు చేసి అప్పడాల కర్రతోనే వత్తండి. రేకులు చిన్నవైనా పద్ధతి అదే. వత్తేటప్పుడు ఫ్యాన్ ఆపండి, ఇది చాలా ముఖ్యం. గొడ్డు మాంసం, పంది మాంసం తినని ఇంట్లో మేక ఖీమాతో, కొవ్వుకు బదులు వెన్నతో చేసుకోవచ్చు. ఇటలీలో అబ్రుజ్జో ప్రాంతంలో గొర్రె మాంసపు రగూ ఇంటింటి వంటే. గుడ్డు కూడా తినని వాళ్లు మాత్రం ఈ రేకు జోలికి రాకుండా, దక్షిణ ఇటలీ పద్ధతిలో డ్యూరమ్ రవ్వను నీళ్లతో కలిపి చేసే పాస్తా చూసుకోవడం మంచిది. గుడ్డు తీసేసి ఇదే రేకు అంటే ఒప్పుకోవడం కష్టం.

మొదటిసారి చేసేవాళ్లు రగూ జోలికి పోకండి. 200 గ్రాముల మైదా, 2 గుడ్లు తీసుకుని రేకు వత్తండి, కోయండి, ఉడికించి కాస్త వెన్న, కాస్త చీజ్ కలుపుకుని తినండి. ఆ పోగులు ఉత్త వెన్నతోనే కమ్మగా ఉన్నాయనిపించిన తర్వాత, ఒక ఆదివారం పొద్దున్నే మాంసం పొయ్యి మీదికి ఎక్కించండి.